సాంచా కాఫీలో నూనె వాసన

“వాసన చూడండి” అంటూ లక్ష్మీపతి కాఫీ పొట్లాన్ని కౌంటరు బల్ల మీద నా వైపు నెట్టాడు.

మాస్కు కిందికి లాగి చూశాను. కాఫీ వాసన వెనక ఇంకొకటి ఉంది. సాంచా నూనె. మా సూరత్‌లో మరమగ్గాన్ని సాంచా అంటాం. దాని ఇరుసుల్లో పోసే నూనెను గుర్తుపట్టడానికి, ఇరవై ఏళ్ళు నూలు దలాలీ చేసిన నాకు ఇంకో సాక్షి అక్కర్లేదు.

“హోటల్లో రుచి చూసే మనిషి ఒక గుక్క తాగి ఉమ్మేశాడండి” అన్నాడు లక్ష్మీపతి. “మూడు హోటళ్ళకి ఏడాది పొడుగునా కాఫీ పోసే బేరం. దానికి ఈ దుకాణం పంపిన నమూనా ఇది. సాయంత్రం ఆరింటికి నా రిపోర్టు వెళ్ళాలి. కల్తీ అని రాస్తాను. ఇందులో మీరు చేసేదేం లేదు రాజనర్సుగారూ. వచ్చారు కాబట్టి ఒక కాఫీ తాగి వెళ్ళండి.”

“తాగుత. గని రిపోర్టు ఇంక రాయలే గద. రాయని కాయితం మీద ఎవ్వల పేరన్న వడొచ్చు” అన్నాను.

లక్ష్మీపతి రైల్వే పోలీసులో పనిచేసి రిటైరయ్యాడు. గుంటూరు వైపు మనిషి. కంపెనీల తరఫున దర్యాప్తులు చేసే ఏజెన్సీ పెట్టాడు. ఈసారి హోటల్ వాళ్ళ తరఫున వచ్చాడు. కార్డు, బోర్డు, ఇస్త్రీ చొక్కా అన్నీ ఉన్నాయి. నాకు బోర్డు లేదు. నూలు బజార్లో ఎవడు నిజం చెప్తున్నాడో, ఎవడు దాస్తున్నాడో ముఖం చూసి తేల్చడం నేర్చుకున్నాను. నూలు కంటే ఆ విద్యకే గిరాకీ ఎక్కువని తెలిశాక దాన్నే అమ్ముకుంటున్నాను. ఇంతకు ముందు రెండు కేసుల్లో ఎదురుపడ్డాం. ఒకటి ఆయన గెలిచాడు, ఒకటి నేను. ఖాతా సమానంగా ఉంది.

నన్ను పిలిపించింది సోమలింగం. కామ్‌రేజ్ రోడ్డు మీద ఉన్న తన షెడ్డులోని పన్నెండు సాంచాలనూ అమ్మేసి, బిడ్డ చేతిలో ఒకే ఒక్క యంత్రం పెట్టిన మనిషి. కాఫీ గింజలు వేయించే యంత్రం. ముందు దుకాణం, దాని వెనకే అడ్డుగోడ లేకుండా వేయించే చోటు. పేరు సాంచా కాఫీ. “చాయ్ ఊర్ల కాఫీ అమ్ముతడట” అని మా వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. అయితే మొదటి లాక్‌డౌన్‌లో వీధి వీధంతా షట్టర్లు దించుకున్నప్పుడు, సోమలింగం బిడ్డ సుమన ఇంటింటికీ పొట్లాలు పంపి దుకాణాన్ని నిలబెట్టింది. అప్పటి నుంచి నవ్వడం మానేశాను. లాభం చూపించినవాళ్ళను చూసి నవ్వే అలవాటు నాకు లేదు.

సోమలింగం కౌంటరు వెనక నిలబడి ఉన్నాడు. అతని తల్లి ఎల్లవ్వ గోడ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. సుమన యంత్రం దగ్గర. లక్ష్మీపతి పక్క కుర్చీలో కాలు మీద కాలేసుకున్న కుర్రాడు సాయికుమార్. ఎల్లవ్వ కూతురి కొడుకు, సోమలింగానికి మేనల్లుడు. ఈ దుకాణంలోనే పని నేర్చుకుని, రెండో వేవ్ తగ్గాక విడిపోయి, సూరత్‌లోనే వేసు అనే పేటలో సొంతంగా కాఫీ అమ్ముతున్నాడు. వాడు లక్ష్మీపతి పక్కన ఎందుకు కూర్చున్నాడో అప్పుడే అడగలేదు. సరుకు ధర ముందుగా అడిగేవాడు కొనలేడు.

“నమూనా ఎప్పుడు వేయించినవు బిడ్డా?” అని సుమనను అడిగాను.

“నూలు పున్నానికి ముందు రోజు, కాకా. పొద్దుగూకేసరికి ఆరు పొట్లాలు కట్టి, సీలేసి, ఆ అల్మారల వెట్టిన.”

“కొరియరోడు ఎప్పుడు తీస్కపోయిండు?”

“పున్నం తెల్లారి. షట్టర్ తియ్యంగనే వచ్చిండు.”

“నడుమ పున్నం నాడు యంత్రం నడిపిన్రా?”

జవాబు ఎల్లవ్వ దగ్గర్నుంచి వచ్చింది. “ఏం మాట్లాడుతున్నవ్ నర్సూ? నువ్వు పద్మశాలోనివేనా? పున్నం నాడు యంత్రాన్ని ఎవ్వడు ముడుతడు?”

శ్రావణ పున్నమి మాకు నూలు పున్నం. ఆ రోజు మగ్గానికి పసుపు దారం కట్టి పూజ చేస్తాం. మగ్గం ఆడదు. సాంచాలు పోయినా ఎల్లవ్వ ఆచారం పోనివ్వలేదు. కాఫీ యంత్రానికే దారం కట్టింది.

“పొద్దుగాల్నే దారం గట్టి, కొబ్బరికాయ గొట్టి, దుకాణం మూసి లింబాయత్ పోయినం. సాయిగాని తల్లి ఇంట్ల పూజ. ఈ కరోనాల గుడి కాడ గుంపు వద్దన్నరు గద. కర్ఫ్యూ ముంగట ఇంటికి చేరినం.”

“అందరు పోయిన్రా?”

“నేను, కోడలు, సుమన ఆటోల పోయినం. సోమలింగం ఎనుక స్కూటర్ మీద వచ్చిండు. వీడే రాలే” అని మనవణ్ణి చూపించింది. “తల్లి ఇంట్ల పండుగ. కొడుకు లేడు. పెద్ద సేటయిండు.”

“ఆర్డర్లు ఉండె అమ్మమ్మా. ధంధా హై, క్యా కరూఁ?” అన్నాడు సాయికుమార్.

లక్ష్మీపతి గొంతు సవరించుకున్నాడు. “ఈ పండగ కబుర్లన్నీ ఎందుకండీ? అసలు సంగతి ఈ ఇంట్లో అందరూ దాస్తున్నారు. నేను చూపిస్తాను.”

బ్యాగులోంచి రెండు చిన్న సీసాలు తీసి సుమన ముందు పెట్టాడు. రెండింట్లోనూ రంగులేని ద్రవమే. మూతలు తీశాడు. మూడడుగుల దూరంలో ఉన్న నాకే ఒకదాంట్లోంచి స్పిరిటు గుప్పుమంది.

“ఒకటి నీళ్ళు. ఒకటి స్పిరిట్. ఏది ఏదో చెప్పమ్మా.”

సుమన మాస్కు తీసింది. మొదటి సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత రెండోది. మళ్ళీ మొదటిది. సోమలింగం బల్లను పట్టుకున్నాడు. సుమన రెండు సీసాలకూ మూతలు బిగించి వెనక్కి పెట్టింది.

“తెలువది” అంది.

“ఎప్పట్నుంచి?”

“ఏప్రిల్ల కరోనా వచ్చింది. అప్పుడు పోయిన వాసన మళ్ళ రాలే.”

“విన్నారా?” లక్ష్మీపతి నా వైపు తిరిగాడు. “ముక్కు లేని మనిషి కాఫీ వేయిస్తోంది. యంత్రంలో నూనె కారింది. ఆమెకి తెలీలేదు. తెలీకుండానే విషం లాంటి సరుకు జనానికి పోస్తోంది. దీన్ని కల్తీ అనకపోతే ఏమంటారు?”

“ఈ ముచ్చట నీకు చెప్పిందెవ్వలు?”

“సాక్షులుంటారండి.”

సాయికుమార్ ఫోనులోకి చూస్తున్నాడు. “ఝూట్ ఏం చెప్పలే కాకా. ఉన్నదే చెప్పిన.”

“నీ బొంద” అంది ఎల్లవ్వ. “మేనమామ బిడ్డ మీద సాక్ష్యం చెప్పెటోడు మా ఇంట్ల పుట్టిండు!”

నేను సుమన దగ్గరికి వెళ్ళాను. ఇలాంటప్పుడు జాలి చూపిస్తే మనిషి ఇంకా తగ్గిపోతుంది. పని గురించి అడిగితే నిలబడుతుంది.

“వాసన తెల్వకపోతే గింజ అయిందని ఎట్ల తెలుస్తది?”

“చెవితోని” అంది. “గింజ వేగేటప్పుడు మొదలు పటపట పగుల్తది కాకా. తర్వాత జరసేపు సప్పుడుండది. మళ్ళ సన్నగ చిటచిట షురూ ఐతది. ఏ సరుకును ఎన్నడు దించాలెనో ఆ రెండు సప్పుళ్ళ నడుమనే ఉన్నది. చిన్నప్పుడు పన్నెండు సాంచాల మోతల పండుకునేదాన్ని. ఒక్క సాంచా ఆగితే నిద్రల నుంచి లేచి బాపుకు చెప్పేది. ఆ చెవి పోలే.”

“అయితే మంచిగనే వేయిస్తున్నవన్నట్టు.”

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న గొంతు తగ్గింది. “గదే తెలువది. తాగెటోళ్ళు మాస్కు కిందికి గుంజి తాగుతరు, మళ్ళ ఎక్కిస్తరు. వాళ్ళ కండ్లు జూస్త. మంచిగున్నదనే అంటరు. మర్యాదకు అంటున్నరో, నిజంగ అంటున్నరో! నా చెయ్యి ఉన్నదో పోయిందో నాకే తెలువది. హోటలోళ్ళకు నన్ను ఎరుకలే, నా బాపును ఎరుకలే. వాళ్ళు మంచిగున్నదంటే నమ్ముదామనుకున్న. వాళ్ళు ఉమ్మేసిన్రు.”

ఈ కేసులో పోయేదీ వచ్చేదీ ఏమిటో నాకు అప్పుడు లెక్క తేలింది. హోటల్ బేరం పోతే ఇంకోటి వస్తుంది. ఈ పిల్ల తన చేతి మీద నమ్మకం ఒకసారి పోగొట్టుకుంటే, దాన్ని ఏ బజార్లోనూ కొనలేం.

యంత్రం దగ్గరికి నడిచాను.

నడుమెత్తు ఇనుప డ్రమ్ము. కింద గ్యాస్ మంట. ముందు చిన్న తలుపు, దానికి పిడి. పిడి నుంచి డ్రమ్ము ఇరుసు దాకా ఎల్లవ్వ కట్టిన పసుపు దారం. తలుపు తెరవాలంటే దారాన్ని తెంచాల్సిందే.

“పున్నం తర్వాత యంత్రం నడిపినవా?”

“లే కాకా. పున్నం పోయినంక మూడో నాడు అవ్వ విప్పాలె. గాలోపట్నే ఈ లొల్లి వచ్చింది. ఆ నూనె వాసన మాటే నాకు సార్ చెప్తే తెలిసింది.”

జేబులోంచి అద్దం తీశాను. బట్టలో పోగులు లెక్కపెట్టే అద్దం. నూలు వ్యాపారం మానేసినా దీన్ని మానలేదు. ఒకవైపు నుంచి దారం వెంట దాన్ని జరుపుతూ పోయాను. పసుపు, పసుపు, పసుపు. ఇరుసుకు జానెడు ఇవతల ఆగాను.

“ఎల్లవ్వా, దారం ఒక్కటే పోగా? నడుమ అతుకు వెట్టినవా?”

“దేవునికి అతుకుల దారం గడుతరారా?”

“అయితే రా, జూడు.”

ఆమె వచ్చి అద్దంలో కన్ను పెట్టింది. దారం మధ్యలో ముడి. చిన్నది, గట్టిది. ముడి చుట్టూ పసుపు లేదు. నల్లగా ఉంది. వేలితో తాకి వాసన చూశాను. సాంచా నూనె.

“లక్ష్మీపతీ, ఇటు రా. నీ రిపోర్టుకు పనికొస్తది.”

ఆయన వచ్చి వంగాడు.

“పున్నం పొద్దుగాల ఎల్లవ్వ దారం గట్టింది. అప్పుడు ముడి లేదు. తర్వాత ఎవ్వలో దారం తెంపి, తలుపు తెరిచి, ఇరుసుల నూనె వోసి, యంత్రం నడిపి, అదే నూనె చేతులతోని దారాన్ని మళ్ళ ముడేసిన్రు. అంటే నూనె వడ్డది దారం కట్టినంక. సుమన నమూనా వేయించింది అంతకు ముందు రోజు. నీ చేతుల ఉన్న నూనె పొట్లం ఆమెది కాదు. ఆమె కట్టిన ఆరు పొట్లాలు తీసి, వేరే ఆరు వెట్టిన్రు.”

లక్ష్మీపతి అద్దాన్ని రెండుసార్లు కంటికి పెట్టుకున్నాడు. మనిషి మొండివాడే, మోసగాడు కాదు. చూసినదాన్ని చూడలేదని అనడు.

“సరే, పున్నం నాడు యంత్రం నడిచింది. ఒప్పుకుంటాను. కాని నడిపింది ఆవిడే కాదని ఏవిటి రుజువు? ముందు వేయించింది మాడిపోయి ఉంటుంది. దొంగచాటుగా వచ్చి మళ్ళీ వేయించింది. ఇది నేతవాళ్ళ ముడేగా? ఆవిడా నేతవాళ్ళ పిల్లేగా?”

ముడి విషయంలో ఆయన చెప్పింది నిజమే. తెగిన పోగును నేతగాడు అతికే ముడి అది. బట్టలో కలిసిపోయేంత సన్నగా వస్తుంది. చూసి నేర్చుకుంటే రాదు. సాంచా ముందు ఏళ్ళకు ఏళ్ళు నిలబడితే వేళ్ళకు వస్తుంది.

నా సంచిలో నూలు ఉండ ఎప్పుడూ ఉంటుంది. మూరెడు పోగులు నాలుగు తెంపి, ఒక్కోదాన్ని మళ్ళీ సగానికి తెంపి బల్ల మీద పెట్టాను. “ముడేయి బిడ్డా.”

సుమన వేసింది. కందిగింజంత లావు. “నేను పుస్తకాలు వట్టుకున్ననాడే బాపు నన్ను సాంచా కాడికి రానియ్యలే” అంది.

“నువ్వు?”

సాయికుమార్ నవ్వుతూ పోగు అందుకున్నాడు. వేళ్ళ మధ్య జారిపోయింది. మళ్ళీ పట్టుకుని బూటు లేసు కట్టినట్టు కట్టాడు. “ఫెవిక్విక్ లేదా కాకా?”

“సిగ్గు లేదు. నీ తాత ఇంటే మళ్ళ సచ్చెటోడు” అంది ఎల్లవ్వ.

లక్ష్మీపతి కూడా ఊరుకోలేక ఒక పోగు తీసుకున్నాడు. ఆయన వేసిన ముడి చూసి నాకే నవ్వొచ్చింది. “పార్సిల్ ఆఫీసుల మూట గట్టినట్టున్నది సార్.”

“నవ్వండి, నవ్వండి” అన్నాడాయన ఎర్రబడి. “ముడి రానట్టు నటించడం ఎంతసేపు? ఆవిడ కావాలనే లావుగా వేసింది. ముక్కు పోయిన సంగతే ఇన్నాళ్ళు దాచిన మనిషి, ముడి దాచలేదా? నేను చెప్తున్నానుగా. ఈ అమ్మాయి అబద్ధాలకోరు. ఆరింటికి నా రిపోర్టులో అదే రాస్తాను. ఆవిడ పేరుతో సహా రాస్తాను.”

“సార్, మాట జర సూస్కొని...” అన్నాడు సోమలింగం.

నేను లక్ష్మీపతి వైపు చూడటం లేదు. బల్ల వైపు చూస్తున్నాను. నాలుగో పోగును నేను ఎవరికీ ఇవ్వలేదు. సోమలింగం చూపు బిడ్డ ముఖం మీద ఉంది. చేతులు మాత్రం బల్ల మీద ఉన్నాయి. ఆ చేతుల్లో తెగిన పోగు రెండు కొసలూ ఉన్నాయి. బొటనవేలు తిరిగింది, చూపుడువేలు దాని కింద నుంచి దూరింది, కొస బిగిసింది. గోటితో తోకను తుంచేశాడు. రెప్పపాటు పని. తానేం చేశాడో అతనికే తెలియదు.

ఆ పోగు మీద అద్దం పెట్టాను.

“సోమలింగం, నీ చేతులు ఏం జేసినయో జూస్కో.”

అతను కిందికి చూశాడు. చిన్న ముడి. గట్టిది. యంత్రం మీది ముడికి అన్నదమ్ముడు.

ముందుగా సుమన అంది, “బాపూ?”

సోమలింగం కౌంటరు వెనక ఉన్న గోనెసంచి మీద కూలబడ్డాడు.

“ఆ నడుమ ఒకనాడు ఇంట్ల పాలు మాడినయి” అన్నాడు. “ఇల్లంత వాసన. నువ్వు పొయ్యి పక్కనే కూసొని ఫోన్ జూస్తున్నవు. అప్పుడు సమజైంది నాకు. ఇంక నీ కాఫీ హోటలోళ్ళు తాగి, బాగలేదంటే నువ్వు తట్టుకుంటవా? కరోనాల నిన్ను చావు నుంచి గుంజుకొచ్చిన. మళ్ళ ఇంకోటి తట్టుకోలేను. అందుకే నీయి తీసి, నేను వేయించినయి వెట్టిన.”

“నన్ను అడగద్దా?”

“అడిగితే వాసన లేదని నువ్వు ఒప్పుకుంటవని భయమైంది.”

“మరి నూనె ఎందుకు వోసినవు?” అన్నాను నేను.

అతను నన్ను అర్థంకానట్టు చూశాడు. “ఆగిన సాంచాను నడిపించే ముందు నూనె వొయ్యరా? పున్నం పూజ అయినంక ఇరుసులకు నూనె వెట్టకుండ ఎన్నడన్న మొదలువెట్టినమా? చెయ్యి దానంతట అదే డబ్బా అందుకున్నది. కాఫీల కలుస్తదన్న ఆలోచనే రాలే. వాసన గూడ నాకు తగల్లే అన్నా. ముప్పై ఏండ్లు ఆ నూనెలనే బతికిన. అది నాకు గాలి లెక్కనే.”

బిడ్డ ముక్కును రోగం తీసుకుంది. తండ్రి ముక్కును కులవృత్తి ఎప్పుడో తీసుకుంది. ఈ రెండో సంగతి ఇంట్లో ఒకరికీ తెలియలేదు.

“అన్నీ జేసి మళ్ళ నన్నెందుకు పిలిచినవు?”

“నా కాఫీ మంచిగనే ఉన్నదనుకున్న. హోటలోళ్ళే ఏదో మోసం జేసిన్రనుకున్న.”

ఎల్లవ్వ నెత్తి కొట్టుకుంది. “ఓరి నీ తెలివి సల్లగుండ!”

సుమన ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తండ్రి ముందు నిలబడి ఒకే ప్రశ్న అడిగింది. “నాయి ఆరు పొట్లాలు ఏవి?”

“పారేయమన్న.”

“ఎవ్వల్ని?”

“గ్యాస్ మంట వెట్టుడు నాకు రాదు గద. సాయిని పిలిచిన. వాడే అన్నడు, మామా, హోటలోళ్ళు సుమనను నవ్వుతరు, మనం కాపాడుకోవాలె అని. అంతకు ముందు రోజు నుంచి అదే పాట. పొట్లాలు వాని చేతికే ఇచ్చిన, ఎవ్వలకు కనవడకుంట పారేయ్ అని.”

అందరం ఒకేసారి కుర్చీ వైపు తిరిగాం. కుర్చీ ఖాళీగా ఉంది. నేను పోగు మీద అద్దం పెట్టినప్పుడే లేచి ఉంటాడు. బయట బైకు కూడా లేదు.

అప్పుడే లక్ష్మీపతి ఫోను మోగింది. ఆయన అందుకుని “చెప్పండి సార్” అని నాలుగడుగులు పక్కకు వెళ్ళాడు. వింటున్నకొద్దీ ఆయన భుజాలు కిందికి దిగాయి. రెండుసార్లు “ఎవరు?” అని అడిగాడు. ఫోను పెట్టేశాడు. తర్వాత ఇటు వచ్చాడు.

“హోటల్ వాళ్ళండి. నిన్న ఇంకో దుకాణం నుంచి నమూనా వచ్చిందట. అదే ఖాయం చేశారట. రేపు పొద్దున సంతకాలు. వేసులో ఎస్.కె. కాఫీ అని...”

“సాయికుమార్” అంది ఎల్లవ్వ. స్టూలు మీద మళ్ళీ కూర్చుంది.

“నా సాక్షి” అన్నాడు లక్ష్మీపతి. ఆ రెండు మాటలు అనడానికి ఆయనకు చాలా ఖర్చయింది.

“పాత ఖాతా కొట్టేద్దాం” అన్నాను. “ఇప్పుడు మనమిద్దరం ఒక దిక్కే.”

సుమన మా మాటలు వినడం లేదు. “వాళ్ళు ఆ కాఫీ గురించి ఏమన్నరు సార్?”

“ఏదో రాసి పంపారమ్మా, రుచి చూసిన మనిషి...” ఆయన ఫోను తెరిచి, కళ్ళద్దాలు సరిచేసుకుని, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాడు. “నారింజ తొక్క నలిపినప్పుడు వచ్చే వాసన. దాని వెనక బెల్లం పాకం. చేదు ఉంది, కాని నాలుక మీద నిలవదు. ఈ ఏడాది మా బల్ల మీదికి వచ్చిన కాఫీల్లో దీని పక్కన పెట్టదగ్గది లేదు.”

సుమన గోడకు ఆనుకుంది. “ఇంకోసారి చదువుండ్రి.”

లక్ష్మీపతి మళ్ళీ చదివాడు. ఈసారి నిదానంగా, ఒక్కో మాటా విడదీసి. నారింజ తొక్క దగ్గర ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. ఏప్రిల్ నుంచి తను వేయించిన కాఫీ వాసన ఎలా ఉందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు శత్రువుగా వచ్చిన మనిషి నోటి నుంచి వింటోంది.

“నా చెయ్యి ఉన్నది” అంది. మాతో కాదు.

సోమలింగం తలెత్తి బిడ్డను చూశాడు. పన్నెండు సాంచాలు ఒకేసారి కొత్తగా బిగించిన రోజున కూడా ఆ ముఖం అలా వెలగలేదు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

అయితే వ్యాపారంలో సంతోషానికి గడువు తక్కువ. నా బుర్ర ముందుకు పరిగెత్తింది. దొంగసరుకును ఒకసారి అమ్మొచ్చు. రెండోసారి అడిగితేనే దొంగకు దివాలా. హోటల్ వాళ్ళు ఇంకో విడత అడిగితే సాయి ఏం చేస్తాడు? వేయించే పని ఎవరికైనా కూలికి ఇవ్వొచ్చు. గింజ మాత్రం అదే కావాలి.

“సుమనా, ఈ నమూనా వేయించిన పచ్చి గింజలు ఇంకెన్ని ఉన్నయి?”

“అరకు సరుకు. ఒక్క రైతు తోటది. పది బస్తాలు కొన్న. కడోదరా గోదాంల ఉన్నయి.”

“తాళంచెవి?”

సోమలింగం ముఖం మళ్ళీ నల్లబడింది. “పున్నం నాడు గింజలు తెమ్మని సాయికి ఇచ్చిన. తిరిగి అడగలే.”

గోదాం కాపలా మనిషికి ఫోను చేసి స్పీకరు పెట్టాను. “సాయి భాయ్ కా టెంపో సుబహ్ హీ ఆయా థా సేఠ్. దసోం బోరీ లే గయా. బోలా, మామా నే భేజా హై.” పొద్దున్నే టెంపో వచ్చింది. పది బస్తాలూ పోయాయి. సోమలింగమే పంపాడని చెప్పాడట.

“అంటే ఆ కాఫీ మీదే అని చూపించడానికి మీ దగ్గర ఒక్క గింజ కూడా లేదు” అన్నాడు లక్ష్మీపతి. “ముడి చూపిస్తే హోటల్ వాళ్ళు నమ్మరండి. వాళ్ళు నాలుకనే నమ్ముతారు. రేపు సంతకాలైపోతే ఇక కోర్టులే.”

సుమన అప్పటికే వంగి బల్ల కింద నుంచి ప్లాస్టిక్ డబ్బా లాగింది. మూత తీసింది. లోపల ఆకుపచ్చ గింజలు. “నమూనా వేయించినంక మిగిలినయి. ఒక్క డ్రమ్ముకు సరిపోతయి. ఒక్కటే.”

“ఇప్పుడు వేయిస్తే రాత్రికి హోటల్ బల్ల మీద పెట్టించగలను” అన్నాడు లక్ష్మీపతి. “సాయి పొట్లం పక్కన మీ పొట్లం. ఏది ఎవరిదో చెప్పకుండా. ఆ పూచీ నాది.”

“ఒక రాత్రి నిలువుంటే రుచి ఇంక మంచిగ తేల్తది. గని రాత్రి మనకు లేదు.” ఆమె యంత్రం వైపు చూసింది. “ముందుగాల ఆ నూనె పోవాలె.”

ఎల్లవ్వ దండం పెట్టి దారం విప్పి, కొంగు బిగించింది. తల్లీ కొడుకూ కలిసి ఇరుసు, తలుపు, డ్రమ్ము లోపలా బట్టతో రుద్దారు. సుమన చవక గింజలు పోసి మాడేదాకా తిప్పి పారబోసింది, నూనెను అవి పీల్చుకోవాలని. మళ్ళీ పోసి, మళ్ళీ పారబోసింది. పోయిందో లేదో చెప్పాల్సింది ఎవరు? ఆమెకు వాసన లేదు. తండ్రికి ఆ నూనె గాలి లాంటిది. ఎల్లవ్వా నేనూ అదే షెడ్లలో బతికినవాళ్ళం. డ్రమ్ము వేడెక్కాక నా ముక్కు మీద నాకే పూచీ లేదు.

“సార్” అంది సుమన. “మీ ముక్కు కావాలె.”

లక్ష్మీపతి ఒక్క క్షణం వెనకాడాడు. రెండు వేవ్‌లు గడిచినా ఆయన నలుగురిలో మాస్కు తీయగా నేను చూడలేదు. అన్నను రెండో వేవ్‌లో పోగొట్టుకున్నాడని విన్నాను. మాస్కు తీసి, మడిచి జేబులో పెట్టుకుని, వేడి డ్రమ్ము తలుపు దగ్గర ముఖం పెట్టాడు.

“ఇంకా ఉంది” అన్నాడు.

మళ్ళీ రుద్దారు. మళ్ళీ తిప్పారు.

“కొంచెం ఉందండి.”

మూడోసారి చాలాసేపు వంగి ఉన్నాడు. లేచి తల ఊపాడు. “లేదమ్మా. ఇక కాలిన గింజ వాసనే.”

సుమన డబ్బా ఎత్తి ఆఖరి గింజలను డ్రమ్ములో పోసింది. మంట సర్దింది. ఆ గింజలు మాడితే ఆమె చేతి పని వేరేవాడి పేరు మీదే ఉండిపోతుంది. సోమలింగం ఏదో చెప్పబోయాడు. ఎల్లవ్వ దేవుణ్ణి తలుచుకోవడం మొదలుపెట్టింది. లక్ష్మీపతి హోటల్‌కి ఫోను కలిపి గట్టిగా మాట్లాడుతున్నాడు. బయట హారన్లు. నేను వెళ్ళి షట్టరు దించాను.

ఆమె చెవి డ్రమ్ము వైపు వంచి, మా అందరికీ అరచెయ్యి చూపించింది.

“ఎవ్వలు మాట్లాడకుండ్రి” అంది. “నాకు ఇనవడాలె.”